ఆన్‌లైన్ బోధనా సాధనమును పరీక్షించియే గ్రహింపవలయును

మన ఉన్నత పాఠశాలను విడిచి, ఇంటర్మీడియెట్టు ముగించి, విశ్వవిద్యాలయమున ప్రవేశించు విద్యార్థికి నేడు అనేక స్థలములయందు మొదటి వారములోనే మూడు వస్తువులు చేతికి వచ్చుచున్నవి: ఒక గుర్తింపు కార్డు, ఒక కాలపట్టిక, ఒక పాస్‌వర్డు. ఈ మూడింటిలో కడపటిది మిక్కిలి చిన్నదిగా కనబడును. కాని ఆ పాస్‌వర్డుతో తెరువబడు తలుపు వెనుకనే అధ్యాపకుడు వ్రాసిన పాఠములు, చదువవలసిన గ్రంథభాగములు, ఇంటిపని, దానిని సమర్పింపవలసిన గడువు, పరీక్ష ప్రశ్నలు, మార్కులు అన్నియు ఉండును. వీనినన్నిటిని ఇంటర్నెట్టుమీద ఒక్కచోట నుంచి నడపు సాధనమునకు కోర్సు నిర్వహణ సాఫ్ట్‌వేరు అని పేరు. వాడుకలో ఎల్.ఎం.ఎస్. అని పిలుచుచుందురు.

ఈ సాధనమును విశ్వవిద్యాలయములు ఎట్లు ఎన్నుకొనవలయునను ప్రశ్న మన పాఠశాల పత్రికకు తగినది కాదని కొందరు తలంపవచ్చును. మేమట్లు తలంపము. మన విద్యార్థులలో పెక్కుమంది తమ కుటుంబములలో మొదటిసారిగా విశ్వవిద్యాలయపు గడప త్రొక్కువారు. ఒక బాలిక చేతనున్న సెల్‌ఫోనులో ఆ పుట తెరువబడకపోయినచో, ఆమె వ్యాసము గడువులోపల చేరదు. అధ్యాపకుని పట్టికలో ఆమె పేరుకెదురుగ సున్న పడును. యంత్రము చేసిన తప్పు విద్యార్థి తప్పుగా వ్రాయబడును. ఆమె బద్ధకస్తురాలని చెప్పుకొందురే కాని, సాధనము సరియైనది కాదని యెవ్వరును చెప్పరు. కావున ఇది తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ముఖ్యమైన విషయమే.

మా అభిప్రాయమును మొదటనే తెలుపుచున్నాము. అట్టి సాధనమును అమ్మువారి ప్రదర్శనమును చూచి గాని, సదుపాయముల పట్టికను చూచి గాని ఎన్నుకొనరాదు. ఒక సెమిస్టరు పూర్తిగా కొన్ని తరగతులలో నిజముగా వాడి చూచి, అందును అనుకూలములు తక్కువగా నున్న విద్యార్థుల అనుభవమునే ప్రధాన సాక్ష్యముగా గైకొని ఎన్నుకొనవలయును. ఇట్లు ముందుగా కొద్దిమందితో వాడి చూచుటను పైలట్ అందురు. ఈ మాట కార్యాలయములలో విరివిగా వినబడుచున్నది గాని, ఆ పని మాత్రము సరిగా జరుగుట అరుదు.

సౌలు రాజు తన కవచమును దావీదునకు తొడిగించిన వృత్తాంతము మన విద్యార్థులెల్లరకు తెలిసినదే. ఆ కవచము చెడ్డది కాదు, రాజు ధరించునది. దావీదు దానిని తొడిగి, నడిచి చూచి, తనకు అలవాటు లేదని తీసివేసెను. అతడు యుద్ధరంగమునకు పోకముందే తొడిగి చూచుట మేలయ్యెను. అంతకంటెను మేలైన సంగతి, రాజు ఇచ్చినదైనను తీసివేయుటకు అతనికి స్వాతంత్ర్యముండుట. ముందే నిర్ణయము చేసికొని, దానికి ముద్ర వేయుటకై జరుపు ప్రయోగము ప్రయోగము కాదు. కాదనుటకు వీలున్నపుడే పరీక్షకు అర్థము గలదు.

ఈ సాధనముల చరిత్ర స్వల్పకాలముదైనను, బోధ గలిగినది. కెనడా దేశమునందలి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రమును బోధించు ముర్రే గోల్డ్‌బర్గ్ అనువాడు 1995, 1996 సంవత్సరముల ప్రాంతమున తన తరగతుల అవసరము నుండియే వెబ్‌సీటీ అను సాధనమును పుట్టించెను. అమెరికాలో 1997 లో బ్లాక్‌బోర్డు అను సంస్థ ఏర్పడెను. ఈ రెండును అనేక కళాశాలలలో ప్రవేశించి పోటీపడెను. 2005 లో బ్లాక్‌బోర్డు సంస్థ వెబ్‌సీటీని కొనుటకు నిశ్చయించి, 2006 లో తనలో కలుపుకొనెను. వెబ్‌సీటీయే కావలయునని ఎన్నుకొన్న విద్యాలయములు కొన్ని యేండ్లలో మరియొక సాధనమునకు మారవలసినవయ్యెను. వెబ్‌సీటీ పుట్టిన బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమే 2018 నాటికి కాన్వాస్ అను వేరొక సాధనమునకు మారినది.

అమ్మకపు సంస్థల చేతిలో చిక్కుట ఇష్టము లేక, కొన్ని గొప్ప విశ్వవిద్యాలయములు తామే సాధనమును నిర్మించుకొన బూనెను. 2004 లో మిషిగన్, ఇండియానా, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములును, మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయు కలిసి సకాయ్ అను దానిని ఆరంభించెను. ఇది ఉదారమైన పని. నిర్మించినదానిని లోకమునకంతటికి ఉచితముగా నొసగిరి. అయినను పదియేండ్లకు, అనగా 2014 లో, మిషిగన్, ఇండియానా విశ్వవిద్యాలయములు మరి రెండింటితో కూడి యూనిజిన్ అను సంఘముగా ఏర్పడి, కాన్వాస్‌ను గ్రహించెను. ఆ కాన్వాస్‌ను నడుపు ఇన్‌స్ట్రక్చర్ అను సంస్థయు 2020 లో ఒకమారు, 2024 లో మరియొకమారు యజమానుల చేతులు మారినది.

ఈ చరిత్రను మేము ఎవ్వరిని నిందించుటకై వ్రాయుటలేదు. ఆ విశ్వవిద్యాలయములలో బుద్ధిమంతులకు కొదువ లేదు, ధనమునకును కొదువ లేదు. అట్టివారి ఎంపికలే పది పదునైదేండ్లకు మించి నిలువనపుడు, శాశ్వతమైన సాధనమును వెదకుట వ్యర్థమని తెలియుచున్నది. కావున “ఏది అన్నిటికంటె శ్రేష్ఠము?” అను ప్రశ్నను విడిచి, “మన అధ్యాపకులకును, మన విద్యార్థులకును నేడు ఏది ఉపయోగపడును? రేపు దీనిని విడువవలసివచ్చినపుడు మన సొత్తు మన చేతికి వచ్చునా?” అని అడుగుట వివేకము.

ఇక ఎంపిక సాధారణముగా జరుగు రీతిని చూతము. ఒక సంఘము ఏర్పడును. సదుపాయముల పట్టిక యొకటి తయారగును. అందు వందలకొలది గడులుండును. అమ్మకపు సంస్థలన్నియు ప్రతి గడిలోను “కలదు” అని వ్రాసి పంపును. పిమ్మట ఒకనాడు చక్కని దుస్తులు ధరించిన ప్రతినిధి వచ్చి, పెద్ద తెరమీద ఆ సాధనమును నడపి చూపును. అంతయు నూనె పోసినట్లు సాగిపోవును. సభ్యులు తల లూపుదురు. టెండరు ముగియును.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివినవారము గనుక ఇట్టి ప్రదర్శనముల విలువ ఎంతయో ఎరుగుదుము. అచ్చట ప్రతి శిక్షణార్థియు మాదిరి పాఠము చెప్పవలయును. పటములు ముందురాత్రియే సిద్ధమగును. ప్రశ్నలకు చేతులెత్తు పిల్లలు ముందు వరుసలో కూర్చుందురు. పరిశీలకుడు వెనుక కూర్చుండి వ్రాసికొనును. ఆ పాఠము మంచిదే. కాని ఉపాధ్యాయుని నిజమైన శక్తి తెలియునది అచ్చట కాదు. జూలై మాసమున, వాన కురియుచుండగా, మధ్యాహ్నభోజనము పిమ్మట, అరువదిమంది బాలురున్న గదిలో, నాలుగవ బెంచీమీది బాలునికి భిన్నములు బోధపడినవా లేవా యనునదే నిజమైన పరీక్ష. అమ్మువాని ప్రదర్శనము మాదిరి పాఠము వంటిది. సెమిస్టరు నడిమి సోమవారము నాటి తరగతి వేరు.

పట్టికలోని “కలదు” అను మాటయు మోసకరమైనదే. రెండు సాధనములలోను ప్రశ్నపత్రము తయారుచేయు వసతి కలదని వ్రాసియుండవచ్చును. ఒకదానిలో ఒక ప్రశ్న చేర్చుటకు మూడు మెట్లు, రెండవదానిలో పండ్రెండు మెట్లు కావచ్చును. నలువది ప్రశ్నలు చేర్చవలసిన అధ్యాపకురాలికి ఈ భేదము ఒక సాయంకాలమును హరించును. ఈ సంగతి ఏ గడిలోను వ్రాయబడదు. వాడినవారికి మాత్రమే తెలియును.

కావున ప్రయోగము ఎట్లుండవలయునో మాకు తోచినమేరకు విన్నవించుచున్నాము.

మొదటిది, ప్రయోగము సెమిస్టరు మొదటి దినము నుండి మార్కులు ప్రకటించు దినమువరకు సాగవలయును. రెండు వారముల పరిచయము చాలదు. పాఠములను చదువ నిచ్చుట ప్రతి సాధనమునకు సులభమే. గడువు కడపటి గంటలో వందలమంది ఒక్కమారే వ్యాసములు పంపునపుడును, పరీక్ష నడుమ ఇంటర్నెట్టు తెగి మరల వచ్చినపుడును, వ్రాసిన జవాబులు నిలుచునో లేదో చూడవలయును. వంతెన బలము బండ్లు నడచునపుడు తెలియును గాని, ప్రారంభోత్సవమునాడు తెలియదు.

రెండవది, ప్రయోగమునకు ఉత్సాహవంతులైన అధ్యాపకులను మాత్రమే ఏరుకొనరాదు. క్రొత్త యంత్రములయందు మక్కువ గలవారు ఎట్టి సాధనమునైనను నడపగలరు. వారి మెప్పు సాధనమునకు చెందదు, వారి నేర్పునకు చెందును. సంశయించువారు, పదవీవిరమణకు చేరువైనవారు, ప్రయోగశాలలో బోధించువారు, భాషలు చెప్పువారు, అందరును ఉండవలయును. తెలుగు చెప్పు పండితుడు దానిని వాడలేకపోయినచో, అది విశ్వవిద్యాలయ మంతటికి తగిన సాధనము కాదు.

మూడవది, విద్యార్థులలో ల్యాప్‌టాప్ లేనివారిని ముందుగా విచారింపవలయును. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధివలన విద్యాలయములు మూతపడినపుడు, ఒకే ఫోనును అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును వంతులవారీగా వాడుకొనిన యిండ్లు మన గ్రామములలో ఎన్నియో కలవు. రీచార్జి ముగిసినచో చదువును ఆ దినమునకు ముగిసెను. కావున పెద్ద తెరమీద అందముగా కనబడుట గొప్ప కాదు. చిన్న ఫోనులో, సిగ్నలు కొద్దిగా నున్న ఊరిలో, తక్కువ డేటాతో ఆ పుట ఎంతసేపటికి తెరువబడునో ప్రయోగమున లెక్క వ్రాయవలయును.

నాలుగవది, చూపు లేనివారును, వినికిడి లేనివారును, చేతులాడనివారును ప్రయోగమున పాల్గొనవలయును. అమెరికాలో 2010 లో అంధుల జాతీయ సమాఖ్యవారు పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయముమీద ఫిర్యాదు చేసిరి. అచ్చటి కోర్సు నిర్వహణ సాధనము అంధులు వాడుటకు వీలుగా లేదనునది అందలి అంశములలో ఒకటి. 2011 లో ఉభయులు ఒడంబడికకు వచ్చిరి. సాధనమును కొన్న పిమ్మట సరిదిద్దుటకంటె, కొనకముందు ఒక అంధ విద్యార్థిని కూర్చుండబెట్టి అడిగిన ఎంత సులువుగా నుండెడిది! మన దేశమునందును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విద్యాసంస్థలమీద ఈ బాధ్యతను మోపియున్నది.

అయిదవది, మన ప్రాంతపు విశ్వవిద్యాలయములు తెలుగును మరువరాదు. తెలుగు లిపికి యూనికోడులో స్థానము 1991 లోనే లభించినది. అయినను మన అచ్చుకూటములలో నేటికిని వాడబడు కొన్ని పాత ఫాంట్లు ఆ పద్ధతికి చెందినవి కావు. వానితో టైపు చేసిన ప్రశ్నపత్రమును ఆన్‌లైన్ సాధనములో చేర్చినచో, అక్షరములు తారుమారై అర్థము లేని గుర్తులుగా కనబడును. తెలుగు ప్రశ్న, తెలుగు జవాబు, తెలుగు పద్యము, ఒత్తులతోను గుణింతములతోను సరిగా కనబడుచున్నవా? తెలుగు మాటను వెదకిన దొరకుచున్నదా? ఇది విదేశపు ప్రతినిధి చూపు ప్రదర్శనములో కానరాదు. మన తరగతిలోనే తేలవలయును.

ఆరవది, విడిచిపోవు దారిని ప్రయోగదశలోనే నడచి చూడవలయును. ఒక సాధనమునందలి పాఠములను మరియొకదానికి తరలించుటకై కొన్ని ఉమ్మడి పద్ధతులు ఏర్పడియున్నవి. 2008 లో వెలువడిన కామన్ కార్ట్రిడ్జి అట్టిది. అది పాఠములను, ప్రశ్నలను మోయునే గాని, విద్యార్థుల మార్కులను, వారి చర్చలను మోయదు. ప్రయోగము ముగిసిన పిమ్మట ఒక కోర్సును వెలికి తీసి, వేరొకచోట నిలిపి, ఏమి మిగిలినదో ఏమి పోయినదో చూచుట ఒక దినపు పని. ఆ దినపు పని చేయనివారు పదియేండ్ల తరువాత ఒక సంవత్సరపు పని చేయవలసివచ్చును. విద్యార్థుల వివరములు ఎవరి సర్వరులో నుండును, ఎంతకాలముండును, ఒప్పందము ముగిసిన పిదప చెరిపివేయబడునా యనునదియు అప్పుడే వ్రాతమూలముగా తెలిసికొనవలయును. 2023 లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ విచారణకు బలము నిచ్చుచున్నది.

ఉచితముగా దొరకు సాధనము ఉండగా ఇన్ని విచారణలేలయని కొందరందురు. ఆస్ట్రేలియా దేశస్థుడగు మార్టిన్ డౌగియామస్ 2002 లో వెలువరించిన మూడిల్ అట్టిది. ఎవ్వరైనను రుసుము లేకయే తీసికొని, తమకు తగినట్లు మార్చుకొనవచ్చును. మేమును దానియెడల గౌరవము గలవారమే. కాని ఇంగ్లాండులోని ఓపెన్ యూనివర్సిటీ 2005 లో మూడిల్‌ను ఎన్నుకొన్నపుడు, తన ఆన్‌లైన్ విద్యాలయ నిర్మాణమునకు దాదాపు 50 లక్షల పౌనులు కేటాయించెను. సాధనము ఉచితమైనను, దానిని నిలుపు సర్వరులు, మార్చు నిపుణులు, నేర్పు శిక్షకులు, సందేహములకు బదులు చెప్పు ఉద్యోగులు ఉచితము కారు. బావి నీరు ఉచితమే. చేదయు, త్రాడును, చేదువాని బలమును ఉచితము కావు. ఓపెన్ యూనివర్సిటీవారు ఆ వ్యయమును తెలిసి చేసిరి. దూరముననున్న విద్యార్థులే వారి విద్యార్థులు గనుక చేయదగియుండెను. తాము చేసిన మార్పులలో పెక్కింటిని తిరిగి లోకమునకిచ్చిరి. గోపురము కట్టదలచినవాడు ముందుగా లెక్క చూచుకొనవలయునను సువార్త ఉపమానము ఇచ్చటను వర్తించును.

మా మాటకు ఎదురుగా చెప్పదగిన బలమైన వాదము ఒకటి కలదు. ప్రయోగమునకు కాలము పట్టును. అవసరము కాలమునకై ఆగదు. 2020 లో వారముల వ్యవధిలో నిర్ణయములు చేసినవారికి సెమిస్టరు పొడుగునా పరీక్షించు తీరిక ఎక్కడిది? అది నిజమే. వరద వచ్చినపుడు దొరకిన పడవ నెక్కవలసినదే. అట్లని వరద తీసిన పిమ్మటను ఆ పడవనే ఇల్లుగా చేసికొని నివసింపరాదు. నాడు తొందరలో గ్రహించినదానిని నేడు తీరికగా పరీక్షించుట నాటివారిని తప్పుపట్టుట కాదు. వారు మొదలుపెట్టిన పనిని పూర్తిచేయుట.

ఇంకొక వాదము: వేలకొలది విద్యార్థులలో అన్ని అనుకూలములు గలవారే ఎక్కువ; కొద్దిమంది ఇబ్బందులనుబట్టి అందరి సాధనమును నిర్ణయించుట న్యాయమా? న్యాయమే యని మా నిశ్చయము. చిన్న ఫోనులో తెరువబడు పుట పెద్ద కంప్యూటరులోను తెరువబడును. అంధుడు వాడగలిగినది చూపుగలవానికి మరింత సులభము. దీనిని తలక్రిందు చేసిన నిజము కాదు. బలహీనునికి సరిపడిన మెట్లు బలవంతునికి అడ్డు రావు.

ఈ విషయమున ఆలస్యము తగదనుటకు మరియొక కారణము గలదు. కేంద్ర ప్రభుత్వము 2017 లో స్వయం అను ఆన్‌లైన్ విద్యాస్థానమును ఆరంభించినది. 2021 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరునందలి కోర్సులలో నూటికి 40 వరకు దానిద్వారా పూర్తిచేయుటకు విశ్వవిద్యాలయములు అనుమతింపవచ్చును. 1982 లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయమును స్థాపించుకొన్న తెలుగువారికి దూరవిద్య క్రొత్త కాదు. కాని నాడు తపాలాలో పుస్తకము చేరినచో చదువు చేరినట్లే. పుస్తకము తెరచుటకు పాస్‌వర్డు అక్కరలేదు. నేడు సాధనమే బడి గది, సాధనమే పరీక్షాశాల. గదికి కిటికీలున్నవా యని చూచినట్లే దీనిని చూడవలయును.

తలిదండ్రులారా! మీ బిడ్డను కళాశాలలో చేర్చునపుడు వసతి గృహమును, భోజనశాలను చూచి వచ్చుచున్నారు గదా. అట్లే, “మీ ఆన్‌లైన్ పాఠములు ఈ ఫోనులో తెరువబడునా?” అని ఆఫీసులో అడిగి, అచ్చటనే తెరిపించి చూడుడు. అడుగుటకు సిగ్గుపడవలదు, రుసుము చెల్లించువారు మీరే.

విద్యార్థులారా! మీరు చేరిన చోట ప్రయోగము జరిగినచో, అభిప్రాయము తెలుపు కాగితముమీద “బాగున్నది” అని వ్రాసి ఊరకుండకుడు. ఏ దినమున, ఏ పుట, ఎందుకు తెరువబడలేదో వ్రాయుడు. మీకు తెలిసినను మీ ప్రక్కనున్నవానికి తెలియలేదేమో గమనించి, అదియు వ్రాయుడు. నిర్ణయించు పెద్దలు ఆ గదిలో లేరు. మీరు వ్రాసిన ఆ నాలుగు పంక్తులే మీ తరువాత వచ్చు తరగతివారికి త్రోవ చూపును.